లక్షల వాచీ తప్పే సెకన్లు: ఆ అంకె దేన్ని కొలుస్తుంది?

రోజుకు 86,400 సెకన్లు. స్విట్జర్లాండ్‌లో తయారై, అధికారిక పరీక్షలో నెగ్గి, పది లక్షల రూపాయలకు చేతికి వచ్చిన, బ్యాటరీ లేకుండా స్ప్రింగుతో నడిచే మెకానికల్ వాచీ ఇందులో నాలుగు సెకన్లు వెనకబడినా, ఆరు సెకన్లు ముందుకు పోయినా దాని సర్టిఫికెట్‌కు ఢోకా లేదు. దాని పక్కన పెట్టిన, బ్యాటరీతో నడిచే మామూలు సెల్ వాచీ నెల మొత్తానికి అటూఇటూగా పదిహేను సెకన్లు తప్పుతుంది. ఖరీదైన వాచీల మీద వేళాకోళం సాధారణంగా ఇక్కడికొచ్చి ఆగిపోతుంది. నిజానికి సెల్ వాచీతో పోటీ 1969 డిసెంబర్ 25న, సీకో సంస్థ జపాన్‌లో ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ (స్ఫటికం కంపనాలతో కాలాన్ని కొలిచే) సెల్ వాచీని అమ్మకానికి పెట్టిన రోజే తేలిపోయింది. (ఆ మొదటి సెల్ వాచీ ధర నాలుగున్నర లక్షల యెన్‌లు. అప్పట్లో విలాస వస్తువు అదే!) తేలిపోయిన పందెం గురించి ఇంకా వాదులాడుకోవడంలో పస లేదు. చూడవలసినవి వేరే ఉన్నాయి. ఆ నాలుగు, ఆరు అనే అంకెలు దేన్ని కొలుస్తున్నాయి? డబ్బు పోసే కొద్దీ అవి ఎంతవరకు తగ్గుతాయి?

మెకానికల్ వాచీలో కాలాన్ని ముక్కలు చేసేది బ్యాలెన్స్ వీల్ అనే చిన్న చక్రం. దాని ఇరుసుకు వెంట్రుకను తలపించే సన్నని స్ప్రింగు (హెయిర్‌స్ప్రింగ్) చుట్టలుగా అమర్చి ఉంటుంది. చక్రం ఒకవైపు తిరిగితే హెయిర్‌స్ప్రింగ్ వెనక్కి లాగుతుంది, ఆ ఊపులో అది రెండోవైపు తిరుగుతుంది, మళ్లీ వెనక్కి. 1675లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ వెల్లడించిన ఏర్పాటు ఇదే. మూడున్నర శతాబ్దాల తర్వాత లోహాలు మారాయి, నూనెలు మారాయి, సూత్రం మాత్రం మారలేదు. ఇప్పటి వాచీల్లో ఎక్కువ భాగం గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు ఎనిమిది సార్లు టిక్‌మంటాయి. రోజుకు 6,91,200 సార్లు. రోజుకు ఒక్క సెకను తేడా రావాలంటే దాదాపు ఏడు లక్షల టిక్కుల్లో ఎనిమిది పెరిగినా తగ్గినా చాలు.

ఐదు సెకన్లు తప్పే వాచీ కూడా 99.99 శాతం సరిగ్గానే నడుస్తోందని అమ్మేవారు ఘనంగా చెబుతారు. లెక్క నిజమే. అయితే 99.9 శాతం సరిగ్గా నడిచే వాచీ వారం తిరిగేసరికి పది నిమిషాలు తప్పుతుందన్నది కూడా అంతే నిజం. కాలం విషయంలో శాతాలు ఎవరికీ ఏమీ చెప్పవు. సెకన్లలోనే మాట్లాడుకోవాలి.

స్విస్ వాచీలకు, కచ్చితత్వానికి గుర్తింపుగా క్రోనోమీటర్ హోదా ఇచ్చే సంస్థ 1973లో ఏర్పడింది. ఫ్రెంచి పేరులోని పొడి అక్షరాలతో దాన్ని కాస్క్ అంటారు. వాచీ కేసులో ఇంకా బిగించని యంత్రాన్ని అది 15 రోజులపాటు పరీక్షిస్తుంది. యంత్రాన్ని ఐదు భంగిమల్లో ఉంచుతారు: డయల్ పైకి, డయల్ కిందికి, కీ ఇచ్చే బుడిపె పైకి, కిందికి, ఎడమకు. ఉష్ణోగ్రతలు మూడు: 8, 23, 38 డిగ్రీలు. రోజూ ఎంత ముందుకు పోయిందో, ఎంత వెనకబడిందో నమోదు చేసి ఏడు ప్రమాణాలతో సరిచూస్తారు. ప్రకటనల్లో కనిపించే మైనస్ నాలుగు, ప్లస్ ఆరు ఆ ఏడింటిలో ఒకటి మాత్రమే. అది సగటు. మిగిలిన ఆరింటిని ఎవరూ ప్రచారం చేయరు గానీ వాచీ గుణం తెలిసేది వాటిలోనే. ఒకే భంగిమలో ఒక రోజుకూ మరుసటి రోజుకూ మధ్య తేడాల సగటు రెండు సెకన్లు దాటకూడదు. ఏ భంగిమలోనైనా ఆ తేడా ఐదు సెకన్లు మించకూడదు. సగటుకూ, అన్నిటికంటే చెడ్డ రోజుకూ మధ్య దూరం పది సెకన్లలోపే ఉండాలి. పడుకోబెట్టినప్పటి నడకకూ నిలబెట్టినప్పటి నడకకూ తేడాకు ఒక హద్దు ఉంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే వచ్చే తేడా 0.6 సెకను లోపే ఉండాలి. చివరి రోజు నడక మొదటి రోజుల నడకకు ఐదు సెకన్లకు మించి దూరం కాకూడదు.

సగటు ఎందుకు మోసం చేస్తుందో రెండు ఊహా వాచీలతో తేలిగ్గా చూపించవచ్చు. మొదటిది ఐదు రోజుల్లో వరుసగా 5, 5, 6, 5, 5 సెకన్లు ముందుకు పోయిందనుకుందాం. రెండోది ఒక రోజు 9 ముందుకు, తర్వాత 8 వెనక్కి, 7 ముందుకు, 9 వెనక్కి, చివరి రోజు 1 ముందుకు నడిచింది. రెండో వాచీ సగటు తప్పు సరిగ్గా సున్నా. కాగితం మీద అదే గెలిచింది. కానీ వాచీ పనివారిని అడిగితే మొదటిదాన్నే మెచ్చుకుంటారు. అది ఎప్పుడూ ఒకేలా తప్పుతోంది కాబట్టి లోపల చిన్న సర్దుబాటు చేస్తే ఆ ఐదు సెకన్లూ పోతాయి. రెండోదానికి అలాంటి చికిత్స లేదు. రేపు అది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ తేడా ఎంత పాతదో ఇంగ్లండు గడియారాల పనివాడు జాన్ హారిసన్ కథ చెబుతుంది. సముద్రం మీద రేఖాంశం కనుక్కునే మార్గం చూపినవారికి 1714లో బ్రిటిష్ పార్లమెంటు 20,000 పౌండ్ల వరకు బహుమతి ప్రకటించింది. బయల్దేరిన చోటి టైమును తప్పకుండా చెప్పే గడియారం అందుకొక దారి. హారిసన్ చేసిన నాలుగో గడియారం హెచ్4తో ఆయన కొడుకు విలియం 1761 నవంబర్‌లో ఓడెక్కి, 1762 జనవరిలో జమైకా చేరాడు. 81 రోజుల తర్వాత గడియారం తప్పింది ఐదు సెకన్లేనని చరిత్ర పుస్తకాలన్నీ రాస్తాయి. నిజమే, కానీ అది సవరించిన లెక్క. ఆ గడియారం రోజుకు సుమారు 2.66 సెకన్లు వెనకబడుతుందని తండ్రీకొడుకులకు ముందే తెలుసు. ఆ లెక్కన 81 రోజులకు రావలసిన మూడున్నర నిమిషాల పైచిలుకు తీసేశాక మిగిలిన తప్పే ఐదు సెకన్లు. ఆ రోజువారీ అంకెను పరీక్షకు ముందే ఖరారు చేయలేదని, బహుమతి సంగతి తేల్చే రేఖాంశ బోర్డు పేచీ పెట్టింది. విలియం మళ్లీ ఇంకో ప్రయాణంలో, 1764లో బార్బడోస్ వెళ్లి నిరూపించవలసి వచ్చింది. బోర్డు పట్టుబట్టిన తీరు ఎలా ఉన్నా ఇరుపక్షాలూ ఒప్పుకున్న సూత్రం ఒకటే: తప్పు ఉండవచ్చు, అది మారకూడదు. ఇవాళ్టి ప్రకటనలు చెప్పకుండా దాటేసేది సరిగ్గా ఈ సూత్రాన్నే.

మారకుండా ఉండటం ఎందుకంత కష్టం? భూతద్దం కింద బ్యాలెన్స్ వీల్ ఇరుసు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఆ ఇరుసు చివరలు మిల్లీమీటరులో పదో వంతు మందం. వాచీ బల్ల మీద వెల్లకిలా ఉన్నప్పుడు ఆ మొన ఒక్కటే కింద ఉన్న కెంపు రాయి మీద ఆని తిరుగుతుంది, రాపిడి దాదాపు ఉండదు. చక్రం అటూఇటూ 270 నుంచి 300 డిగ్రీల దాకా ఊగుతుంది. అదే వాచీని నిలబెడితే ఇరుసు రెండు చివరల పక్కలూ రాళ్ల గోడలకు రాసుకుంటాయి, ఊపు పడిపోతుంది. పైగా చక్రం ఒకవైపు రవ్వంత బరువెక్కువ ఉన్నా, పడుకోబెట్టినప్పుడు కనిపించని ఆ దోషం నిలబెట్టగానే భూమ్యాకర్షణ వల్ల బయటపడుతుంది. కీ అయిపోతున్న కొద్దీ ఊపు ఇంకా తగ్గుతుంది, దానితో నడకా మారుతుంది. చేత్తో కీ ఇచ్చే వాచీకి రోజూ ఒకే వేళకు కీ ఇవ్వమని పాతకాలం వారు చెప్పింది ఇందుకే.

ఈ భంగిమల బెడదకు 1801లో గడియారాల నిపుణుడు అబ్రహాం లూయీ బ్రెగే పేటెంట్ పొందిన మందు టూర్బియోన్. బ్యాలెన్స్ వీల్‌ను, దాని పరివారాన్ని మొత్తంగా ఒక పంజరంలో పెట్టి, ఆ పంజరాన్నే నెమ్మదిగా తిప్పుతూ ఉంటే నిలువు భంగిమల తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కోటు జేబులో రోజంతా నిలువుగా వేలాడే గడియారానికి అది అచ్చమైన ఉపాయం. మణికట్టు మీద వాచీ మాత్రం క్షణానికో భంగిమలో ఉంటుంది. పంజరం చేయవలసిన పని సగం చెయ్యే చేసేస్తుంది. అలాగని టూర్బియోన్ వట్టి ఆడంబరమని కొట్టిపారేయడమూ తొందరపాటే. 2009లో స్విట్జర్లాండ్‌లోని లె లోక్ల్‌లో కచ్చితత్వపు పోటీలను పునరుద్ధరించినప్పుడు మొదటి స్థానం జేజర్ లెకూల్త్ర్ టూర్బియోన్ వాచీకే దక్కింది. కాకపోతే దాన్ని గెలిపించింది పంజరమా, ఆ పంజరం చుట్టూ గంటల తరబడి కూర్చుని సవరించిన చేతులా అంటే, మొగ్గు చేతుల వైపే.

వేడి సంగతి ఇప్పుడు పెద్ద సమస్య కాదు గానీ ఒకప్పుడు అదే ప్రధాన శత్రువు. మామూలు ఉక్కు హెయిర్‌స్ప్రింగ్ ఉన్న వాచీ ఒక్క డిగ్రీ తేడాకు రోజుకు సుమారు పది సెకన్లు మారుతుంది. అలాంటి వాచీని రామగుండంలో జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల వద్ద సరిచేసి, అలాగే మే నెల 45 డిగ్రీల మధ్యాహ్నపు వేడిలో ఉంచితే రోజుకు ఐదు నిమిషాల లెక్కన వెనకబడుతుంది. వేడికి పెద్దగా చలించని నికెల్ ఉక్కు మిశ్రమాలను కనిపెట్టిన షార్ల్ ఎడ్వర్డ్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆయన స్వయంగా వాచీలు చేసే కుటుంబంలో పుట్టినవాడు. తర్వాత 1930లలో నివారాక్స్ మిశ్రమం, 2000 తర్వాత సిలికాన్ వచ్చి ఆ అధ్యాయాన్ని దాదాపు ముగించాయి.

ఇప్పటి శత్రువు అయస్కాంతం. ఫోను కవరు మూతలో, ఇయర్‌ఫోన్ డబ్బాలో, హ్యాండ్‌బ్యాగు బొత్తంలో, లాప్‌టాప్ స్పీకర్లో అది నక్కి ఉంటుంది. లోహపు హెయిర్‌స్ప్రింగ్‌కు అయస్కాంతత్వం పడితే పక్కపక్క చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పనిచేసే పొడవు తగ్గిపోతుంది, చక్రం గబగబా ఊగుతుంది. నిన్నటిదాకా బుద్ధిగా నడిచిన వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల చొప్పున ముందుకు దూకుతోందంటే మొదట అనుమానించవలసింది దీన్నే. పిల్లలు ఆడుకునే చిన్న దిక్సూచి దగ్గర పెట్టి వాచీని అటూఇటూ కదిపితే, దానితోపాటు దిక్సూచి ముల్లు ఊగడం చూసి రోగం పోల్చుకోవచ్చు. చికిత్స అయస్కాంతత్వం పోగొట్టే చిన్న పరికరంతో కొన్ని సెకన్ల పని. అంతమాత్రానికి వాచీ మొత్తం విప్పదీయాలని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు.

ఇక ధర. ఒకే యంత్రం వేర్వేరు ధరలకు అమ్ముడుపోయే చోట ధరకూ సెకన్లకూ ఉన్న సంబంధం బాగా బయటపడుతుంది. స్విస్ సంస్థ ఈటీఏ చేసిన 2824 అనే ఆటోమేటిక్ (చెయ్యి కదలికతోనే కీ ఎక్కే) యంత్రం దశాబ్దాలుగా ఎన్నో కంపెనీల వాచీల్లో నడుస్తోంది. దానికి నాలుగు తరగతులు. కింది తరగతిని రెండు భంగిమల్లో సవరించి రోజుకు 12 సెకన్ల లోపు సగటు తప్పుతో వదులుతారు. రెండోదాన్ని మూడు భంగిమల్లో 7 సెకన్ల లోపుకు, మూడోదాన్ని ఐదు భంగిమల్లో 4 సెకన్ల లోపుకు తెస్తారు. నాలుగోది కాస్క్ పరీక్షకు వెళ్తుంది. పై తరగతుల్లో చక్రం, స్ప్రింగు లోహాలు మెరుగ్గా ఉంటాయి, నిజమే. కానీ మొత్తం నిర్మాణం అదే, పళ్ల చక్రాలు అవే. పన్నెండు సెకన్లను నాలుగుకు దించేది ముఖ్యంగా మంచి స్ప్రింగు, ఓపికగా చేసిన సవరణ. ఈ రెంటి ఖర్చు కలిపినా విలాసవంతమైన వాచీ ధరలో చిన్న ముక్కే. మిగిలిన డబ్బు బంగారానికి, చేతితో తీర్చిన మెరుగుకు, పేరుకు, నిరీక్షణ జాబితాకు పోతుంది. అందులో తప్పేమీ లేదు, దాన్ని కచ్చితత్వం పద్దులో రాయకపోతే చాలు.

పై అంతస్తులో కంపెనీలు ఒకదాన్ని మించి మరొకటి సొంత ప్రమాణాలు పెట్టుకున్నాయి. రోలెక్స్ కాస్క్ పరీక్ష అయ్యాక కేసులో బిగించిన వాచీని మళ్లీ పరీక్షించి, రోజుకు రెండు సెకన్లకు మించి అటూఇటూ పోనివ్వనని 2015 నుంచి చెబుతోంది. పాటెక్ ఫిలిప్ 2009లో సొంత ముద్ర తెచ్చినప్పుడు మైనస్ మూడు, ప్లస్ రెండు అంది. గ్రాండ్ సీకో 17 రోజులు, ఆరు భంగిమలు, మైనస్ మూడు, ప్లస్ ఐదు అంటుంది. ఒమేగా 2015లో స్విస్ ప్రభుత్వ తూనికలు కొలతల సంస్థ మెటాస్‌తో కలిసి తెచ్చిన పరీక్షలో వాచీ 15,000 గాస్‌ల అయస్కాంత క్షేత్రాన్ని తట్టుకోవాలి, రోజుకు సున్నా నుంచి ఐదు సెకన్లు ముందుకే పోవాలి, వెనకబడకూడదు. అంకెల్లో చిన్నది రోలెక్స్‌ది. కానీ కంపెనీ తన వాచీని తానే పరీక్షించడమంటే తన జవాబు పత్రం తాను దిద్దుకున్నట్టే. బయటి సంస్థ పర్యవేక్షణ ఉన్న ఐదు సెకన్లకు ఆ విషయంలో కొంచెం ఎక్కువ విలువ ఇవ్వాలి. వెనకబడకూడదన్న షరతు కూడా తెలివైనది. ముందుకు పోయిన వాచీని సరిచేయడం సులువు: బుడిపె లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది, అసలు టైము వచ్చి కలిసేదాకా పట్టుకుంటే సరి. రైలు తప్పించేది కూడా వెనకబడే వాచీయే.

ధర పెరిగితే కచ్చితత్వం తగ్గే సందర్భాలూ ఉన్నాయి. కాగితంలా పలచగా చేసిన విందు వాచీల్లో, నగలా చేసిన చిన్న ఆడవారి వాచీల్లో బ్యాలెన్స్ వీల్ చిన్నది, తేలికైనది. ఆ చక్రం ఎంత తేలికైతే చెయ్యి కుదుపులకు అంత సులువుగా చెదురుతుంది. అందుకే పాటెక్ ఫిలిప్ కూడా 2009 నాటి ఆ ముద్రలో 20 మిల్లీమీటర్ల కన్నా చిన్న యంత్రాలకు తన హద్దును మైనస్ ఐదు, ప్లస్ నాలుగుకు సడలించింది.

మెకానికల్ పద్ధతికి ఉన్న హద్దును దాటడానికి సీకో పక్కదారి పట్టింది. 1999లో వచ్చిన స్ప్రింగ్ డ్రైవ్‌లో బ్యాటరీ ఉండదు, కీ ఇచ్చిన స్ప్రింగే ముళ్లను నడుపుతుంది. ఆ స్ప్రింగు శక్తిలో కొంత విద్యుత్తుగా మారి ఒక క్వార్ట్జ్ స్ఫటికాన్ని మేలుకొలిపితే, అది వేగానికి కళ్లెం వేస్తుంది. నెలకు 15 సెకన్లతో మొదలైన ఈ దారి 2025లో ఏడాదికి 20 సెకన్ల దాకా వచ్చింది. ఛాందసులు దీన్ని మెకానికల్ వాచీగా ఒప్పుకోరు. వారి పట్టుదలకూ అర్థం ఉంది: స్ఫటికం అడుగుపెట్టాక హైగెన్స్ స్ప్రింగుకు ఇంక పని లేదు.

వాచీ కొన్నవారు సర్టిఫికెట్‌ను పక్కన పెట్టి చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఒకప్పుడు మన ఇళ్లలో బెంగళూరు హెచ్‌ఎంటీ జనతా అయినా, సీకో సహకారంతో హైదరాబాద్‌లో తయారైన ఆల్విన్ అయినా, ఆకాశవాణి వార్తల ముందు వచ్చే బీప్‌లకు సరిచేసుకునేవారు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అణు గడియారాలతో నిలిపే భారత ప్రామాణిక కాలం ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే దొరుకుతుంది. రోజూ ఒకే వేళకు దానితో పోల్చి, తేడాను రెండు వారాలు కాగితం మీద రాయాలి. మొత్తం ఎంత తప్పిందని కాకుండా, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య తేడా ఎంత నిలకడగా ఉందో చూడాలి. రాత్రి పెట్టే భంగిమ కూడా మార్చి చూడవచ్చు. చాలా వాచీలు డయల్ పైకి ఉన్నప్పుడు కొంచెం ముందుకు, బుడిపె పైకో కిందికో నిలబెట్టినప్పుడు కొంచెం వెనక్కి నడుస్తాయి. వాచీ వాచీకీ ఇది మారుతుంది. పగలు పోగుచేసిన మూడు నాలుగు సెకన్లను రాత్రి సరైన భంగిమలో పెట్టి పైసా ఖర్చు లేకుండా తిరిగి రాబట్టుకునేవారున్నారు.

రాసుకున్న ఆ కాగితం రిపేరు దుకాణంలో అక్కరకొస్తుంది. అక్కడ వాచీని చిన్న మైకు మీద పెడితే యంత్రం టిక్కులను విని తెర మీద చుక్కల గీత గీస్తుంది, పక్కన రోజువారీ తప్పు, ఊపు డిగ్రీలు చూపిస్తుంది. గీత తిన్నగా సాగుతూ, ఊపు బాగుండి, ప్రతి భంగిమలోనూ వాచీ ఎనిమిది సెకన్లు ముందుకు పోతోందంటే దానికి కావలసింది కొద్ది నిమిషాల సర్దుబాటే. కీ పూర్తిగా ఇచ్చినా పడుకున్న భంగిమలోనే ఊపు 200 డిగ్రీలకు పడిపోయి, గీత వంకరలు పోతూ, భంగిమ మారినప్పుడల్లా ఇరవై సెకన్ల తేడా వస్తోందంటే నూనె ఎండిపోయినట్టో, ఇరుసు అరిగినట్టో. అలాంటప్పుడు సగటు సున్నా వచ్చినా విప్పి శుభ్రం చేయించక తప్పదు.